తైక్వాండోలో టీనేజీ పతకాలు: గెలిచినవాళ్లు నిలవడం ఎందుకంత కష్టం?

టోక్యో ఒలింపిక్స్ తైక్వాండో పోటీల తొలి రోజు, 2021 జులై 24న, మహిళల 49 కిలోల క్వార్టర్ ఫైనల్ ఒకటి 33-2తో ముగిసింది. ఓడిన చైనా క్రీడాకారిణి వు జింగ్యూ సామాన్యురాలు కాదు. 2008లో బీజింగ్‌లో, 2012లో లండన్‌లో వరసగా స్వర్ణాలు గెలిచిన దిగ్గజం. ఆమెను అంత చిత్తుగా ఓడించిన స్పెయిన్ అమ్మాయి ఆడ్రియానా సెరెసో వయసు అప్పటికి 17. వు తొలి స్వర్ణం గెలిచిన రోజున ఈ పిల్లకు అయిదేళ్లు కూడా నిండలేదు. అదే రోజు ఫైనల్లో సెరెసో థాయ్‌లాండ్‌కు చెందిన పానిపాక్ వోంగ్‌పట్టనకిత్ చేతిలో 11-10తో ఓడింది. ఆఖరి సెకన్ల దాకా ఒక పాయింటు ఆధిక్యం సెరెసోదే. సమయం అయిపోతుందనగా పానిపాక్ పొట్ట మీద కొట్టిన ఒక్క కిక్కు రెండు పాయింట్లు తెచ్చి ఫలితాన్ని తిరగేసింది.

ఇలాంటి ఫలితం రాగానే పత్రికలన్నీ ఒకే మాట రాస్తాయి: రాబోయే పదేళ్లూ ఈ అమ్మాయివే. మూడేళ్ల తర్వాత పారిస్‌లో ఏం జరిగిందో చూస్తే ఆ మాటకు ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది. సెరెసో క్వార్టర్ ఫైనల్లోనే ఇంటిదారి పట్టింది. టోక్యోలో 18 ఏళ్లకే 57 కిలోల స్వర్ణం గెలిచి, అమెరికా మహిళల తైక్వాండోకు తొలి ఒలింపిక్ స్వర్ణం అందించిన అనస్తేసియా జొలోటిక్ పారిస్ బరిలోనే లేదు. టోక్యోలో స్వర్ణాలు గెలిచిన ఎనిమిది మందిలో పారిస్‌లోనూ గెలిచింది ఇద్దరే: పానిపాక్, పురుషుల 68 కిలోల విభాగంలో ఉజ్బెకిస్తాన్ కుర్రాడు ఉలుగ్‌బెక్ రషితోవ్. మిగతా స్వర్ణాలన్నీ కొత్తవాళ్ల మెడలోకి వెళ్లాయి. వాళ్లలో హంగరీకి చెందిన వివియానా మార్టన్‌కు 18 ఏళ్లు, కొరియాకు చెందిన పార్క్ టేజూన్‌కు 20. అంటే చిన్నవయసువాళ్లు గెలవడం ఈ ఆటలో వింతేమీ కాదు. గెలిచినవాళ్లు మళ్లీ కనబడటమే వింత. దీన్ని ప్రతిభకో, క్రమశిక్షణకో, ‘తలకెక్కిన గర్వా’నికో అంటగట్టడం సులువే గానీ, అసలు కారణాలు చాలావరకు ఆట నిర్మాణంలోనే ఉన్నాయి.

పదిహేడేళ్ల పిల్లలు పెద్దల ఒలింపిక్స్‌లో పతకాలు ఎలా కొట్టగలుగుతున్నారన్నది మొదట చూడాలి. ప్రపంచ తైక్వాండో సమాఖ్య లెక్కలో 12 నుంచి 14 ఏళ్లవాళ్లు క్యాడెట్లు, 15 నుంచి 17 ఏళ్లవాళ్లు జూనియర్లు. జూనియర్లకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1996 నుంచి జరుగుతోంది. క్యాడెట్లకు 2014లో మొదలైంది. పన్నెండేళ్లకే అంతర్జాతీయ బరిలో దిగిన పిల్లకు పదిహేడు వచ్చేసరికి అయిదేళ్ల అనుభవం చేతిలో ఉంటుంది. వయసును పుట్టిన సంవత్సరంతో లెక్కిస్తారు. పదిహేడో ఏడు జూనియర్‌లోనూ చెల్లుతుంది, సీనియర్‌లోనూ చెల్లుతుంది. చురుకైన కోచ్‌లు ఆ ఒక్క ఏడాదిని చాలా జాగ్రత్తగా వాడుకుంటారు. ఒకవైపు జూనియర్ ప్రపంచ టైటిల్‌కు గురిపెడుతూనే, ఇంకోవైపు సీనియర్ ఓపెన్ టోర్నీలకు పంపి పెద్దవాళ్ల దెబ్బ ఎలా ఉంటుందో రుచి చూపిస్తారు.

రెండో కారణం స్కోరింగ్. 2008 బీజింగ్ వరకు ఒలింపిక్స్‌లో పాయింట్లు ఇచ్చేది మూలల్లో కూర్చున్న జడ్జీలు. ఏ కిక్కు తగిలింది, ఎంత గట్టిగా తగిలింది అన్నది వాళ్ల కళ్లు, చెవులే తేల్చేవి. బీజింగ్ వివాదాల తర్వాత 2012 లండన్‌లో సెన్సార్లున్న హోగు, అంటే ఛాతీ కవచం, వచ్చింది. 2016 రియోలో హెల్మెట్‌కూ సెన్సార్లు పెట్టారు. పాదానికి తొడిగే సాక్సులోని సెన్సారు హోగును తాకాలి, ఆ బరువు విభాగానికి నిర్ణయించిన స్థాయికి మించి ఒత్తిడి పడాలి. అప్పుడే స్క్రీన్ మీద పాయింటు వెలుగుతుంది. గుద్దుకు 1, ఛాతీ మీద కిక్కుకు 2, తల మీద కిక్కుకు 3. గిరగిరా తిరిగి కొడితే ఛాతీకి 4, తలకు 5. గుద్దునూ, తిరిగి కొట్టిన కిక్కుకు దక్కే అదనపు పాయింట్లనూ మాత్రం ఇప్పటికీ జడ్జీలే చేతిలోని మీటతో నమోదు చేస్తారు.

ఈ మార్పు ఆట రూపాన్నే మార్చేసింది. పెద్ద చప్పుడుతో, ఒంటిబలమంతా పెట్టి కొట్టే వెనక కాలి కిక్కుకు పూర్వపు విలువ లేదు. ముందు కాలిని గాల్లోకి లేపి, ఎదుటివాళ్లు దగ్గరకు రాకుండా అడ్డంపెట్టి, సందు దొరగ్గానే అదే కాలితో హోగును తాకించడం లాభసాటి అయింది. పొడవాటి కాళ్లు, తుంటి దగ్గర సాగే గుణం, ఒంటికాలి మీద నిలబడే బ్యాలెన్స్ ఉన్నవాళ్లకు ఇది వరం. ఇవన్నీ పదహారు పదిహేడేళ్లకే వచ్చేస్తాయి. కండబలం, దెబ్బ తట్టుకునే మొండితనం వయసుతో వచ్చేవే గానీ, వాటి అవసరం తగ్గింది. అందుకే ఈ ఆటలో కుర్రాళ్లు పెద్దవాళ్లతో ఇంత త్వరగా సమఉజ్జీలవుతున్నారు. దీన్ని ‘కాళ్లతో కత్తిసాము’ అని వెక్కిరించే పాతతరం వాళ్లున్నారు. ఆ వెక్కిరింతలో కొంత న్యాయం లేకపోలేదు. కాలు ఊరికే గాల్లో ఉంచడం, నడుం కింద కొట్టడం, పట్టుకోవడం, పడిపోవడం వంటివాటికి గామ్‌జమ్, అంటే పెనాల్టీ, వేసి ఎదుటివాళ్లకు ఒక పాయింటు ఇచ్చే నిబంధనలను సమాఖ్య బిగించుకుంటూ వచ్చింది.

ఇక్కడితో సులువు భాగం అయిపోయింది.

పదిహేడు దాటగానే ఎదురయ్యే మొదటి గోడ బరువు విభాగాలు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో సీనియర్ పురుషులకు ఎనిమిది, మహిళలకు ఎనిమిది విభాగాలు. ఒలింపిక్స్‌లో చెరి నాలుగే. మహిళలకు 46, 49, 53, 57, 62, 67, 73 కిలోల లోపు విభాగాలు, 73 పైన ఒకటి ప్రపంచ పోటీల్లో ఉంటే, ఒలింపిక్స్‌లో మిగిలేవి 49, 57, 67, ఆ పైన. సహజంగా 52 కిలోలుండే అమ్మాయి ప్రపంచ ఛాంపియన్ కావచ్చు; ఒలింపిక్స్‌కు వెళ్లాలంటే మాత్రం మూడు కిలోలు దించి 49లో దిగాలి, లేదా తనకంటే అయిదు కిలోలు బరువూ, ఆ మేరకు ఎత్తూ ఉన్నవాళ్లతో 57లో తలపడాలి. పానిపాక్ 2015లో ప్రపంచ టైటిల్ గెలిచింది 46 కిలోల్లో. ఆ విభాగం ఒలింపిక్స్‌లో లేదు. 49కి మారి, 2016 రియోలో కాంస్యం తెచ్చుకుని, 2019లో అదే బరువులో ప్రపంచ విజేత అయింది. ఒక్క మెట్టు ఎక్కినా ఆమె ఒళ్లు దానికి సరిపోవడం అదృష్టమే. అందరికీ అలా కుదరదు.

పైగా ఇది ఎదిగే వయసు. పదిహేనేళ్లకు తేలిక విభాగంలో పొడుగ్గా కనిపించి, కాలి పొడవుతోనే గెలుచుకొచ్చిన కుర్రాడు పంతొమ్మిదికి రెండు విభాగాలు పైకెక్కుతాడు. అక్కడ అందరూ పొడుగే. జూనియర్‌లో అతణ్ని గెలిపించిన ఏకైక ఆయుధం సీనియర్‌లో మామూలు పనిముట్టయిపోతుంది. దగ్గరకు దూసుకొచ్చి గుద్దే పద్ధతి, కాలు అడ్డంపెట్టినవాళ్లను పక్కనుంచి తప్పించుకోవడం, క్లించ్‌లోంచి, అంటే ఒకరికొకరు ఆనుకుని నిలబడ్డ స్థితిలోంచి, తల మీద కొట్టడం లాంటివి అప్పటిదాకా అవసరం పడలేదు కాబట్టి నేర్చుకుని ఉండడు. జూనియర్ ఛాంపియన్లు సీనియర్‌లో మాయమయ్యే తీరుకు ఇదే ముఖ్య కారణమని చెప్పవచ్చు. చిన్నప్పుడు ఓడుతూ గెలుస్తూ వచ్చినవాళ్లు, గెలవడానికి నాలుగు రకాల దారులు వెతుక్కోవాల్సి వచ్చినవాళ్లు, తరచూ వాళ్లకంటే ముందుకెళతారు.

బరువు దించే పద్ధతులకు కళ్లెం వేయడానికి ప్రధాన టోర్నీల్లో రెండోసారి తూకం వేస్తున్నారు. ముందురోజు తూకంలో అందరూ నిలబడాలి. పోటీ రోజు ఉదయం లాటరీలో పేరొచ్చినవాళ్లను మళ్లీ తూస్తారు. విభాగం పరిమితికి 5 శాతం మించకూడదు. 49 కిలోల అమ్మాయికి అది 51.45 కిలోలు. ముందురోజు ఒంట్లో నీరంతా పోగొట్టుకుని తూకం గట్టెక్కి, రాత్రికి రాత్రి నాలుగు కిలోలు తెచ్చుకునే పాత కిటుకు దీంతో ప్రమాదంలో పడింది. చిన్నవయసులో పదేపదే నీళ్లు మానేసి బరువు దించితే ఎదుగుదల మీద, ఎముకల మీద పడే భారం వేరే సంగతి.

రెండో గోడ ర్యాంకింగ్. ఇది బయటివాళ్లకు పెద్దగా కనబడదు గానీ, కెరీర్లను నడిపేది ఇదే. ప్రతి టోర్నీకి దాని స్థాయిని చెప్పే ఒక జీ గ్రేడు ఉంటుంది. విజేతకు గ్రేడుకు పది రెట్లు పాయింట్లు. జీ-1 ఓపెన్‌లో స్వర్ణానికి 10, రజతానికి 6, కాంస్యానికి 3.6, క్వార్టర్ ఫైనల్లో ఓడితే 2.16. ఒలింపిక్స్ గ్రేడు 20. అక్కడ స్వర్ణానికి 200. అంటే ఒక ఒలింపిక్ స్వర్ణం ఇరవై జీ-1 టైటిళ్లతో సమానం. చిన్న ఓపెన్లు ఎన్ని గెలిచినా పెద్దవాటిలో ఒక్క రాణింపు లేకపోతే ర్యాంకు కదలదు. పెద్దవాటికి, ముఖ్యంగా 2013లో మొదలైన గ్రాండ్ ప్రి సిరీస్‌కు, పిలుపు రావాలంటే మళ్లీ ర్యాంకే కావాలి. కాలం గడిచేకొద్దీ పాత పాయింట్లు కరిగిపోతాయి కాబట్టి ఆగి ఊపిరి పీల్చుకునే వీలుండదు. గాయమై ఆర్నెల్లు ఇంట్లో కూర్చుంటే ర్యాంకు జారుతుంది. ర్యాంకు జారితే డ్రాలో తొలి రౌండులోనే గట్టి ప్రత్యర్థి తగులుతారు, అక్కడే ఓడితే పాయింట్లు రావు. ఒక్కసారి ఈ సుడిలో పడ్డవాళ్లు బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది.

ఒలింపిక్స్‌లో ఒక్కో విభాగంలో బరిలో దిగేది సాధారణంగా 16 మందే. ఒలింపిక్ ర్యాంకింగ్‌లో మొదటి అయిదు స్థానాలవాళ్లు నేరుగా వెళతారు. మిగతా బెర్తులు చాలావరకు ఖండాల వారీ అర్హత టోర్నీల్లో తేలతాయి. ఒక దేశం నుంచి ఒక విభాగానికి ఒక్కరే. ఈ ఒక్కరే అన్న నిబంధన బలమైన దేశాల పిల్లలకు పెద్ద శాపం. కొరియాలోనో, ఇరాన్‌లోనో పుట్టిన కుర్రాడు ప్రపంచంలో ఆరో స్థానంలో ఉండి కూడా సొంత దేశంలో రెండోవాడిగా మిగిలిపోవచ్చు.

అయితే ర్యాంకే సర్వం అనుకుంటే అదీ పొరపాటే. పారిస్‌లో 57 కిలోల విభాగంలో కొరియా అమ్మాయి కిమ్ యుజిన్ ప్రపంచ ర్యాంకు 24. ఆమె ఆసియా అర్హత టోర్నీ గుండా వచ్చింది. సెమీస్‌లో ప్రపంచ నంబర్ వన్, చైనాకు చెందిన లువో జోంగ్‌షిని, ఫైనల్లో నంబర్ టూ, ఇరాన్‌కు చెందిన నహీద్ కియానీని ఓడించి స్వర్ణం పట్టుకెళ్లింది. నంబర్ వన్ లువోకు చివరికి కాంస్యం కూడా దక్కలేదు. ఒక్కరోజులో నాలుగైదు బౌట్లు ఆడి తేల్చుకునే ఆటలో ర్యాంకు చెప్పేది నిలకడను మాత్రమే. ఆ రోజు ఏ కాలు లేస్తుందో అది చెప్పలేదు. టోక్యోలో ఒక్క స్వర్ణమూ రాక తల్లడిల్లిన కొరియాకు ఆ కుర్రాళ్లిద్దరే, పార్క్, కిమ్, పరువు నిలబెట్టారు.

మూడో చిక్కు, తెలిసిపోవడం. కొత్త పేరు టోర్నీకి వచ్చినప్పుడు ప్రత్యర్థి శిబిరంలో వీడియోలుండవు. ఆ అమ్మాయి ఏ కాలు ముందు పెడుతుంది, దూరం తగ్గగానే ఏం చేస్తుంది, ఆధిక్యంలో ఉంటే వెనక్కి తగ్గుతుందా ముందుకొస్తుందా అన్నది ఎవరికీ తెలియదు. ఒలింపిక్ పతకం వచ్చిన మరుసటి రోజు నుంచీ ఆమె ప్రతి బౌటూ పది దేశాల కోచ్‌ల ల్యాప్‌టాప్‌లలో ఉంటుంది. బ్రిటన్‌కు చెందిన జేడ్ జోన్స్ 19 ఏళ్లకు లండన్‌లో, ఆ తర్వాత రియోలో వరసగా స్వర్ణాలు గెలిచింది. తల మీద కొట్టడంలో ఆమెకు తిరుగులేదు. టోక్యోలో తొలి బౌటులోనే ఓడింది, పారిస్‌లోనూ తొలి బౌటులోనే ఓడింది. ఆమె ఆట పాడైపోయిందని అనడం కంటే, ఆమె ఆటకు జవాబు తయారైందని అనడమే సబబు. తర్వాత ఆమె తైక్వాండో వదిలి బాక్సింగ్ వైపు మళ్లింది.

దీనికి తోడు ఆట నియమాలు ఒలింపిక్స్‌కూ ఒలింపిక్స్‌కూ మధ్య మారుతూనే ఉంటాయి. టోక్యోలో మూడు రౌండ్ల పాయింట్లన్నీ కలిపి లెక్కించారు. సెరెసో 33-2 ఆ లెక్కలోదే. ఆ తర్వాత మూడింటిలో రెండు రౌండ్లు గెలిచినవాళ్లే విజేత అన్న పద్ధతి వచ్చింది. పారిస్ పోటీలు అలాగే జరిగాయి. కాగితం మీద చిన్న మార్పే. కానీ తొలి రౌండులో పది పాయింట్ల ఆధిక్యం తెచ్చుకుని, దాన్ని కాపాడుకుంటూ గడిపే ఆటగాడి బతుకుతెరువు దీంతో పోయింది. రెండో రౌండు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఒక రౌండులో అయిదు గామ్‌జమ్‌లు వస్తే ఆ రౌండు పోయినట్టే. దూకుడుగా ఆడే కుర్రాళ్లకు, ఒకసారి వెల్లువలా పాయింట్లు కొట్టగలిగినవాళ్లకు, పాత పద్ధతి ఎక్కువ లాభం. రెండు నిమిషాల చొప్పున ప్రతి రౌండునూ విడిగా నెగ్గుకురాగల నిదానస్తులకు కొత్త పద్ధతి లాభం. ఎవరి కెరీర్ ఎటు తిరుగుతుందో ఒక్కోసారి ఇలాంటి ఒక సవరణే తేల్చేస్తుంది.

మైదానం బయటి కారణాలు చిన్నవేమీ కావు. ఇరాన్‌లో పుట్టిన కిమియా అలీజాదె కథ ఇందుకు పెద్ద ఉదాహరణ. 2014 నాన్జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో స్వర్ణం, 18 ఏళ్లకు రియోలో కాంస్యం. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి ఇరాన్ మహిళ ఆమే. 2017లో ప్రపంచ పోటీల్లో రజతం తెచ్చుకున్నాక మోకాలి గాయం వెనక్కి లాగింది. 2020 జనవరిలో దేశం వదిలేసినట్టు ప్రకటించింది. టోక్యోలో శరణార్థుల జట్టు తరఫున దిగి, తొలి బౌటులో తన పాత దేశానికి చెందిన నహీద్ కియానీని, ఆ వెంటనే జేడ్ జోన్స్‌ను ఓడించింది. చివరికి కాంస్య పోరులో ఓడి పతకానికి దూరమైంది. పారిస్‌కు బల్గేరియా తరఫున వచ్చింది. మళ్లీ తొలి బౌటు కియానీతోనే, ఈసారి గెలుపు కియానీది. కియానీ ఫైనల్‌కు చేరడంతో రెపిచాజ్ నిబంధన ప్రకారం ఆమె చేతిలో ఓడినవాళ్లకు కాంస్యం కోసం ఇంకో అవకాశం దొరికింది. ఆ దారిలోనే అలీజాదె కాంస్యం గెలిచింది. ఎనిమిదేళ్లలో మూడు జెండాల కింద మూడు ఒలింపిక్స్, రెండు కాంస్యాలు. ఏ కోచింగ్ ప్రణాళికలోనూ రాసిపెట్టి ఉండని కెరీర్ ఇది. సామర్థ్యం ఒక్కదాన్నే కొలిచి ఇలాంటి క్రీడాకారిణిని అంచనా వేయబోతే ఏమీ తేలదు.

ఇన్ని అడ్డంకుల మధ్య పానిపాక్ ఎలా నిలిచింది? 2014లో నాన్జింగ్ యూత్ ఒలింపిక్స్ స్వర్ణం, 2015లో, 2019లో ప్రపంచ టైటిళ్లు, రియో కాంస్యం, టోక్యో, పారిస్ స్వర్ణాలు: పదేళ్ల పాటు ఏ దశలోనూ ఆమె పేరు తెరమరుగు కాలేదు. ఇందులో ఆమె ప్రతిభ ఎంతో, పక్కనున్న ఏర్పాటూ అంతే. కొరియా నుంచి వచ్చి థాయ్ పౌరుడైన కోచ్ చోయ్ యంగ్‌సోక్ ఆ కాలమంతా ఆమె వెంటే ఉన్నాడు. కోచ్ మారినప్పుడల్లా ఆటను కొత్తగా విప్పి బిగించుకోవాల్సిన అవస్థ ఆమెకు రాలేదు. బరువు విషయంలోనూ పెద్దగా మారలేదు. రియోలో ఓటమి చవిచూసిన తర్వాత కూడా ఆమెకు ఇంకో రెండు ఒలింపిక్స్ ఆడే వయసు మిగిలింది. పారిస్ ఫైనల్లో చైనాకు చెందిన గువో చింగ్‌ను 2-1తో ఓడించి, 27వ పుట్టినరోజుకు ముందు రోజు స్వర్ణం అందుకుంది. అక్కడితో ఆట చాలించింది. ఈ క్రీడలో 27 అంటే తొందరపడి తప్పుకున్నట్టేమీ కాదు. పాదాల ఎముకలు, మోకాళ్లు, తుంటి పదిహేనేళ్లపాటు రోజూ దెబ్బలు తిన్నాక ఆ వయసుకే అరిగిపోతాయి. తలకు తగిలే కిక్కుకు మూడు పాయింట్లు పెట్టిన ఆటలో మెదడుకు తగిలే దెబ్బల లెక్క వేరే ఉంది.

ఎదుగుతున్న క్రీడాకారుల వార్తలు చదివేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త పనికొస్తుంది. ‘అంతర్జాతీయ తైక్వాండోలో కాంస్యం’ అన్న శీర్షిక చాలాచోట్ల కనిపిస్తుంది. ఒలింపిక్స్‌లో తప్ప చాలా టోర్నీల్లో సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇచ్చే ఆట ఇది. ఆ విభాగంలో నలుగురే పేర్లిస్తే, ఒక్క బౌటూ గెలవకుండానే కాంస్యం మెడలో పడుతుంది. అరవై మంది దిగిన విభాగంలో నాలుగు బౌట్లు గెలిచి, సెమీస్‌లో ఓడి తెచ్చుకున్న కాంస్యమూ అదే రంగులో ఉంటుంది. కాబట్టి టోర్నీ గ్రేడు ఎంత, విభాగంలో ఎందరున్నారు, ఎవరిని ఓడించారు, అది ఒలింపిక్ బరువా కాదా అన్న నాలుగు సంగతులు తెలిస్తే తప్ప ఆ పతకం బరువు తెలియదు. నిజానికి పదహారేళ్ల పిల్ల జీ-2 టోర్నీలో ప్రపంచ టాప్ టెన్ క్రీడాకారిణితో మూడో రౌండుదాకా పోరాడి ఓడిన బౌటు, ఏ ఊరూపేరూ లేని ఓపెన్‌లో తెచ్చిన స్వర్ణం కంటే ఆమె భవిష్యత్తు గురించి ఎక్కువ చెబుతుంది. కోచ్‌లు జట్టు ఎంపికకు కూర్చున్నప్పుడు ముందుగా తీసి చూసేది అలాంటి బౌటు వీడియోనే.